వీధియే వేగమును తగ్గించును

మడకశిర కొండకోట పాదమున వెలసిన పట్టణము. హిందూపురము, పెనుకొండ, పావగడ, శిరా వైపుల నుండి వచ్చు బాటలు ఇచట కలియుచున్నవి. పట్టుగూళ్లను హిందూపురము మార్కెట్టునకు చేర్చు బండ్లు, వేరుసెనగ మూటల ట్రాక్టర్లు, బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు పోవు వీధులలోనే బడిపిల్లలును, ముసలివారును నడువవలసియున్నది. ఊరి వెలుపల గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చిన బండి ఊరిలో 30కి తగ్గవలెను. ‘నెమ్మదిగా పొండు’ అని పలకపై వ్రాసినంత మాత్రమున అది తగ్గునా? తగ్గక తప్పనట్లు వీధినే తీర్చిదిద్దు పద్ధతి యొకటి కలదు. దీనిని వేగశమనము అనవచ్చును.

వేగము రెట్టింపైన ప్రమాదమును రెట్టింపగునని పలువురు తలంతురు. కాని గతిశక్తి వేగవర్గమునకు అనులోమానుపాతములో నుండును. అనగా వేగము రెండింతలైనచో శక్తి నాలుగింతలగును. 30 కిలోమీటర్ల వేగముతో గోడను ఢీకొనుట, సుమారు మూడున్నర మీటర్ల ఎత్తునుండి, అనగా ఒక అంతస్తు మిద్దెపైనుండి పడుటతో సమానము. 60 కిలోమీటర్లయినచో ఆ ఎత్తు 14 మీటర్లగును. అది నాలుగంతస్తుల మేడ!

బండి ఆగుటకు పట్టు దూరమును చూడుడు. పిల్లవాడు అడ్డము వచ్చుట చూచి డ్రైవరు బ్రేకు నొక్కుటకు సుమారు ఒక సెకను పట్టును. పొడి తారురోడ్డుపై 30 వేగముతో పోవు బండి ఆ సెకనులో 8 మీటర్లును, బ్రేకు పడిన పిమ్మట మరి 5 మీటర్లును పోయి, 13 మీటర్లలో నిలిచిపోవును. 60 వేగముతో పోవు బండికి 36 మీటర్లకు పైగా కావలెను. మొదటి బండి పూర్తిగా ఆగిన చోట రెండవదానికి బ్రేకు పడనే పడదు. పిల్లవాడు 15 మీటర్ల దూరమున నున్నచో మొదటి బండి వానిని తాకదు. రెండవది పూర్తి వేగముతో తాకును. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 71 మంది మరణమునకు అతివేగమే కారణమని ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది.

వీధిచేతనే వేగమును తగ్గించుటకు దారి చూపినది హాలెండు. అచటి డెల్ఫ్ట్ నగరమున 1960ల చివరి నుండి నివాసవీధులలో చెట్లు, పూలతొట్లు, వంపులు అమర్చి బండ్లను నడక వేగమునకు దించిరి. 1976లో ఆ పద్ధతికి చట్టబలము లభించినది. బ్రిటనులో 1973లో వాట్స్ అను పరిశోధకుడు రోడ్డుమిట్టకు తగిన ఆకారమును ప్రయోగములచే నిర్ణయించెను.

మనము స్పీడు బ్రేకరు అనునది ఈ మిట్టయే. మన దేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1988లో దీనికి కొలతలు తెలిపి, 2018లో ఆ మార్గదర్శకములను సవరించినది. 1988 నాటి కొలతల ప్రకారము మిట్ట వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు. ఇది 17 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తములోని చాపము. గంటకు 25 కిలోమీటర్ల వేగముతో దాటునట్లు ఏర్పరచినది. ఆ వేగమున కలుగు త్వరణము, అనగా వేగవర్గమును వ్యాసార్ధముచే భాగించగా వచ్చునది, గురుత్వ త్వరణములో మూడవ వంతునకు లోబడియే యుండును. కుదుపు సహింపదగినది. వేగము 46 దాటినచో ఆ త్వరణము గురుత్వ త్వరణమును మించును. స్ప్రింగుల సంగతి విడిచి లెక్కించినచో, చక్రములు నేలను విడుచును. కనుక తొందరపడువానికే శిక్ష. నెమ్మదిగా పోవువానికి బాధ లేదు.

రాత్రికి రాత్రి వీధికి అడ్డముగా వేసిన సిమెంటు గట్టు ఇట్టిది కాదు. జానెడు వెడల్పు గల నిటారు గట్టును వేగముగా పోవు కారు క్షణములో దాటును. ఆ దెబ్బను దాని స్ప్రింగులు మ్రింగివేయును. నెమ్మదిగా వచ్చు మోటారు సైకిలుపై వెనుక కూర్చున్న స్త్రీయో, ఆటోలోని గర్భిణియో, ఆంబులెన్సులోని రోగియో కుదుపునకు గురియగుదురు. సున్నపు చారలు లేక చీకటిలో కనబడని గట్టు ప్రాణములనే తీయవచ్చును. అందుచే మిట్టపై నలుపు తెలుపు చారలును, 40 మీటర్లకు ముందు హెచ్చరిక పలకయును ఉండవలెను.

మిట్టలే కాక వేరు ఉపాయములును కలవు. బడి ముందు దాటుచోటును కాలిబాట ఎత్తునకు లేపుట, దారిని ఇరుకు చేయుట, కూడలిలో చిన్న వృత్తమును కట్టుట, నడుమ నిలుచుటకు తిన్నె నిర్మించుట మున్నగునవి. విశాలమై తిన్నగా కనబడు దారి డ్రైవరును తొందరపెట్టును. ఇరుకైన దారి అతనిని జాగరూకుని చేయును.

ఈ పని ఎవరిది? పట్టణవీధులు నగర పంచాయతీవి. హిందూపురము నుండి మడకశిర మీదుగా శిరాకు పోవు దారి జాతీయ రహదారి. దానిపై స్పీడు బ్రేకరు వేయు అధికారము పట్టణమునకు లేదు. అట్టి దారి విషయమున జిల్లా రహదారి భద్రతా సంఘమునకు విన్నవించుకొనవలెను. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, నిర్ణీత ప్రమాణములను పాటింపక రోడ్డు వేసినందున మరణము గాని, అంగవైకల్యము గాని కలిగినచో, బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

విన్నపమునకు లెక్కలు బలమునిచ్చును. ఉపాధ్యాయులు విద్యార్థులను కాలిబాటపై సురక్షితముగా నిలిపి 25 మీటర్ల దూరమును గుర్తింపవలెను. ఆ దూరమును బండి మూడు సెకనులలో దాటినచో వేగము సరిగా 30. సెకనున్నరలో దాటినచో 60. బడి గంటకు ముందు అరగంట సేపు ఇట్లు వ్రాసిన పట్టికయును, బండ్లు లేని వేళ పెద్దల సాయముతో కొలిచిన మిట్ట ఎత్తు, వెడల్పులును పంచాయతీకి అందజేయుడు. పుస్తకములోని గతిశక్తి సూత్రము అప్పుడు వీధిలో పిల్లల ప్రాణములను కాపాడును.