వాక్యం చివర పైకి లేచే స్వరం

తిరుమలగిరి బస్టాండులో ఒకరు "జనగామ బస్సు పోయింది" అంటారు. పక్కనున్నవారు "పోయిందా?" అంటారు. మొదటిది సమాచారం, రెండోది ప్రశ్న. తేడా చూపింది చివరి 'ఆ'. తెలుగులో ఈ ప్రత్యయం ఉంది కాబట్టి ప్రశ్న భారమంతా గొంతు మీద పడదు. ఇంగ్లీషులో "ద బస్ హాజ్ గాన్" అనే వాక్యాన్ని ఒక్క మాట మార్చకుండా ప్రశ్నగా వాడవచ్చు. స్వరం దిగితే చెప్పినట్టు, లేస్తే అడిగినట్టు. ఈ ఎగుడుదిగుడునే ఇంటొనేషన్ అంటారు. మన వ్యాకరణాల్లో కాకువు అన్న మాట ఉంది.

ఇంటర్వ్యూలో "మీదే ఊరు?" అని ఇంగ్లీషులో అడిగితే, మన విద్యార్థి "ఐ యామ్ ఫ్రమ్ తిరుమలగిరి" అంటూ చివర స్వరం లేపుతాడు. ఊరు తెలియక కాదు. ఇంకా చెప్పాల్సింది ఉందని గొంతు ఆగదు, లేదా ఎదుటివారికి అర్థమైందా అన్న బెరుకు. వినేవారికి మాత్రం, తన ఊరి పేరు తనకే అనుమానమా అనిపిస్తుంది. ఉద్యోగం అక్కడే చేజారవచ్చు.

అలాగని ఇది తప్పు అని కొట్టిపారేయకండి. అమెరికా భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ 1975లో వచ్చిన తన పుస్తకంలో, స్త్రీలు జవాబులను ఇలా ప్రశ్న స్వరంతో చెప్పడాన్ని అనిశ్చితికి గుర్తుగా వివరించారు. ఆ వ్యాఖ్యానం నాకు ఇరుకుగా తోస్తుంది. 1986లో గ్రెగరీ గై, బార్బరా హోర్వత్ తదితరులు సిడ్నీ నగరంలోని మాటను పరిశీలించి ప్రచురించిన వ్యాసం ప్రకారం, అక్కడ ఈ స్వరం అభిప్రాయాలు చెప్పేటప్పటికంటే కథనాల్లో, వర్ణనల్లో ఎక్కువ. అంటే "వింటున్నారా, అర్థమవుతోందా" అని వినేవారిని వెంట తీసుకుపోవడం. మనం కథ చెబుతూ మధ్యమధ్య "కదా" అనడం లాంటిదే. న్యూజిలాండులో కూడా ఇది మామూలు. 1993లో జేమ్స్ గోర్మన్ న్యూయార్క్ టైమ్స్‌లో దీనికి 'అప్‌టాక్' అని పేరు పెట్టారు.

అయినా మన ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నవారు సిడ్నీవారు కారు. అందుకని సాధన చేయండి. "ఐ వర్క్ ఇన్ ఎ బ్యాంక్" అనే వాక్యంలో 'బ్యాంక్' మీద స్వరాన్ని ఎత్తునుంచి కిందికి దించి ఆపండి. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు మధ్య అంకెల గుంపులు లేస్తే ఫరవాలేదు, చివరిది మాత్రం దిగాలి. లేకుంటే రాసుకునేవారు ఇంకో అంకె కోసం కలం పట్టుకుని కూర్చుంటారు. మీ పేరు, ఊరు, చదువు మూడు వాక్యాల్లో సెల్‌ఫోన్లో రికార్డు చేసి, మాటలు పట్టించుకోకుండా చివరి స్వరం ఒక్కటే వినండి.