టేపు పట్టుకున్న చెయ్యి

సివిల్ చదివే ఎవరికైనా 'పాలమూరు లేబర్' అన్న మాట పరిచయమే. ఇప్పటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబర్ దాకా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. ఆ జిల్లాకు జనం నోట్లో ఉన్న పేరు పాలమూరు. పక్కనే కృష్ణ, తుంగభద్ర పారుతున్నా చేలు ఎక్కువగా మెట్టవే ఉండేవి, వానలు అంతంత మాత్రం. అందుకే ఇక్కడి వాళ్లు తట్ట, పార పట్టుకుని దేశమంతా తిరిగారు. నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలుకొని ఎన్నో డ్యాములకు, కాల్వలకు, రోడ్లకు మట్టి మోసింది వీళ్లే.

ఇదే నేల మీద వందేళ్లకు పైగా క్రైస్తవ సంఘాలు కూడా ఉన్నాయి. కష్టపడాలి, నిజాయితీగా ఉండాలి అని ఆ చర్చిల్లో తరతరాలుగా చెబుతున్నారు. కానీ పాలమూరు మనిషికి కష్టపడమని కొత్తగా ఎవరైనా చెప్పాలా? మరి ఆ మాట ఇక్కడ ఎవరికి తగులుతుంది? దీన్ని కాస్త విప్పి చూద్దాం.

పని శిక్ష కాదు

పని అనేది పాపానికి పడిన శిక్ష అని చాలామంది అనుకుంటారు. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండము అలా చెప్పదు. మనిషి తప్పు చేయకముందే దేవుడు అతణ్ణి తోటలో పెట్టి, సాగు చేసే పని, కాపాడే పని అప్పగిస్తాడు. ముళ్లు, చెమట, అలసట తర్వాత వచ్చాయి. అంటే పని ముందు, బాధ తర్వాత.

యేసు వడ్రంగి. పౌలు కొరింథు పట్టణంలో డేరాలు కుట్టి బతుకుతూ బోధ చేశాడు. చేతిపనిని చిన్నచూపు చూసిన ఆనాటి పెద్దల మధ్య ఇది చిన్న విషయం కాదు. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఇదే దారిలో ఇంకో అడుగు వేశాడు. మఠంలో ఉన్నవాళ్ల జీవితం ఒక్కటే దేవుడి పిలుపు కాదు, మామూలు మనిషి రోజూ చేసే పని కూడా పిలుపే అన్నాడు.

పని చేయనివాడు తినకూడదన్న పౌలు మాటను పేదవాళ్ల మీద విసరడం మనం వింటూనే ఉంటాం. ఆయన మాట్లాడింది పని ఉన్నా చేయడానికి ఇష్టపడని వాళ్ల గురించి. పని దొరక్క ఊరు విడిచిన వాళ్ల గురించి కాదు.

ఒట్టు పెట్టనివాళ్లు

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలలో నిజాం కాలంలో పనిచేసిన ముఖ్యమైన మిషన్ మెన్నోనైట్ బ్రదరెన్. మెన్నోనైట్లు 16వ శతాబ్దంలో యూరప్‌లో పుట్టిన శాఖ. మెన్నో సైమన్స్ అనే నాయకుడి పేరు మీద ఆ పేరు వచ్చింది. వాళ్లలోంచి 1860లో రష్యా సామ్రాజ్యంలో మెన్నోనైట్ బ్రదరెన్ విడిగా ఏర్పడ్డారు.

ఈ శాఖకు ఒక ప్రత్యేకత ఉంది. వీళ్లు ప్రమాణాలు చేయరు, ఒట్టు పెట్టరు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు చెప్పినదాన్ని వీళ్లు ఉన్నదున్నట్టు తీసుకున్నారు. ఒట్టు వేసినప్పుడే నిజం చెప్పేవాడైతే, మిగతా సమయంలో అతని మాటకు విలువేంటి? అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మనిషి ఉంటే ఒట్టుతో పనే లేదు. ఆఫీసులో నిజాయితీకి ఇంతకంటే సూటిగా నిర్వచనం దొరకదు. పైవాడు చెక్ చేసినా చేయకపోయినా నీ సంతకం ఒక్కటే అర్థం ఇవ్వాలి.

ఆ రోజుల్లో ఈ సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువగా మాదిగ, మాల కుటుంబాల వాళ్లు. అది వెట్టిచాకిరి కాలం. దొర పిలిస్తే కూలి అడగకుండా పోయి చేయాల్సిందే. అలాంటి వాళ్ల దగ్గర ఇంకా కష్టపడండి అన్న బోధ ఒక్కటే ఉంటే అది దొర మాటలాగే వినిపిస్తది. బైబిల్లో దానికి రెండో సగం కూడా ఉంది.

రెండో సగం

కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో పౌలు పనివాళ్లతో మాట్లాడతాడు. మనుషుల మెప్పు కోసం కాకుండా దేవుడి కోసం చేస్తున్నట్టు మనసు పెట్టి చేయమంటాడు. ఈ భాగాన్ని చాలాసార్లు వినిపిస్తారు. వెంటనే వచ్చే 4వ అధ్యాయం మొదటి వచనం యజమానులకు. న్యాయంగా ఇవ్వండి, మీ పైన కూడా ఒక యజమాని ఉన్నాడని గుర్తుంచుకోండి అనేది దాని సారం. మొదటిది చదివి రెండోదాని ముందు ఆగిపోతే అది సగం బోధే.

కూలి డబ్బును రాత్రంతా దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము చెబుతుంది. బిగపట్టిన కూలే యజమాని మీద మొరపెడుతుందని యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. సామెతల గ్రంథం దొంగ త్రాసును దేవుడికి అసహ్యమైనదిగా చూస్తుంది.

ఈ దొంగ త్రాసు మన సైటులో ఎక్కడుంటుంది? టేపులో, ఎం-బుక్కులో.

మట్టిపనికి కొలత ఎలా తీస్తారో తెలుసు కదా. గుంట తవ్వేటప్పుడు మధ్యలో కొంచెం మట్టిని దిమ్మలా వదిలేస్తారు. నేల ముందు ఎంత ఎత్తులో ఉండేదో ఆ దిమ్మ చూపిస్తుంది. దాన్నిబట్టి లోతు కొలిచి ఎం-బుక్కులో రాస్తారు. ఆ దిమ్మ ఒక మూగ సాక్షి.

ఇప్పుడు చిన్న లెక్క. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు తవ్వితే 100 క్యూబిక్ మీటర్లు. కొలిచేవాడు లోతు 0.9 అని రాశాడనుకోండి. పుస్తకంలో మారింది ఒక్క అంకె. పోయింది 10 క్యూబిక్ మీటర్లు, అంటే 15 టన్నులకు పైగా మట్టి. ఒక గుంపు ఆడవాళ్లు, మగవాళ్లు తవ్వి, తల మీద మోసిన అంత మట్టికి కూలి సున్నా. వెట్టి పోయిందనుకుంటాం, అది అంకె రూపంలో తిరిగొచ్చింది. అదే 1.1 అని రాస్తే ఈసారి దోపిడీ జనం డబ్బు మీద. ఎటు వంగినా దొంగ త్రాసే.

వలస పనిలో ఇంకో చిక్కు అడ్వాన్స్. మేస్త్రీ ముందే డబ్బిచ్చి మనుషుల్ని తీసుకుపోతాడు. అప్పు తీరేదాకా పని వదలలేరు. అప్పు కింద మనిషిని కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం నేరంగా చూస్తుంది. అయినా లెక్క రాసేది ఒకరు, వేలిముద్ర వేసేది ఇంకొకరు అయినచోట చట్టం ఒక్కటే సరిపోదు. రాసేవాడి మనసు కూడా కావాలి.

ఉద్యోగం వదలాలా?

ఇంత అవినీతి మధ్య మంచివాడు ఉద్యోగం ఎలా చేస్తాడు అని అడగొచ్చు. లూకా సువార్త 3వ అధ్యాయంలో పన్ను వసూలు చేసేవాళ్లు ఇదే ప్రశ్నతో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి వస్తారు. ఆయన వాళ్లను ఉద్యోగం మానేయమనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, అంతే. జక్కయ్య కథ ఇంకా ముందుకు పోతుంది. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు తిరిగిస్తానని నిలబడి చెప్పినవాడు అతను. బాధపడితే చాలదు, పోయిన డబ్బు పోయినవాడికి చేరాలి.

నిజాయితీగా ఉంటే ప్రమోషన్ వస్తుందని మాత్రం బైబిల్ హామీ ఇవ్వదు. దానియేలు పనిలో తప్పు వెతికి, దొరక్క, అతని ప్రార్థన మీద కేసు పెట్టారు తోటి అధికారులు. మచ్చలేని ఉద్యోగి పోయింది సింహాల గుహకు. ఖర్చు ఉంటుందని ముందే చెప్పే పుస్తకం అది. క్రైస్తవులందరూ ఇలాగే ఉన్నారనీ కాదు, వేరే మతాల్లో ఇది లేదనీ కాదు. ఏ ఇంట్లో పుట్టినా ఈ ప్రశ్న మన టేబుల్ మీదికి వస్తుంది.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది. లోపల చిక్కుకున్న 8 మందిలో ఇంజనీర్లు, మిషన్ ఆపరేటర్లు, కూలీలు అందరూ ఉన్నారు. సైటులో పై మెట్టు, కింది మెట్టు అని మనం గీసుకున్న గీతలు ఆ కప్పు కింద లేవు. ఒకరు రాసే ప్రతి రీడింగ్ మీద ఇంకొకరి ప్రాణం ఆనుకుని ఉంటుంది.

మనకు ఎం-బుక్ ఇవ్వడానికి ఇంకా రెండు మూడేళ్లు పట్టొచ్చు. కానీ ల్యాబ్ రికార్డు ఇప్పటికే చేతిలో ఉంది. 28 రోజుల క్యూబ్ టెస్టులో రీడింగ్ తక్కువొస్తే పక్కవాడి అంకె ఎక్కించడం, రాని ఫ్రెండుకు ప్రాక్సీ పలకడం మనకు చిన్న సాయంలాగే అనిపిస్తాయి. ఆ చేతికే రేపు టేపు ఇస్తారు. టేపు రెండో కొస పట్టుకుని ఎదురుగా నిలబడేది పాలమూరు మనిషి కావచ్చు. అతనికి మనం రాసేది చదవడం రాకపోవచ్చు. తవ్వింది ఎంతో మాత్రం అతనికి బాగా తెలుసు.