పునాది గీత

ఇల్లు కట్టదలచినవారు ముందుగా నేలమీద ముగ్గు పోయిస్తారు. మేస్త్రీ ఒక మూలను నిర్ణయించి, అక్కడి నుంచి తాళ్లు లాగి, మూలమట్టంతో కోణాలను సరిచూసిన తరువాతనే పునాది తవ్వకం మొదలవుతుంది. ముగ్గు జానెడు పక్కకు జరిగితే గోడలు, గుమ్మాలు, కప్పు అన్నీ జరుగుతాయి. కంప్యూటర్‌పై యంత్రభాగాలను రూపొందించే విధానంలోనూ ఇటువంటి ముగ్గు ఒకటి ఉంది. దానినే ఆధార స్కెచ్ అంటారు.

కంప్యూటర్ సహాయంతో వస్తువుల నమూనాలను గీయడాన్ని క్లుప్తంగా క్యాడ్ అని వ్యవహరిస్తారు. ఈ విద్యకు ఆద్యులలో ఇవాన్ సదర్లాండ్ ప్రముఖుడు. ఆయన 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి సమర్పించిన పరిశోధన గ్రంథంలో ‘స్కెచ్‌ప్యాడ్’ అనే వ్యవస్థను వివరించాడు. తెరమీద కాంతి కలంతో గీసిన గీతలు సమాంతరంగానో, లంబంగానో ఉండాలని ఆదేశిస్తే కంప్యూటరే వాటిని సరిదిద్దేది. గీతకు నిబంధన విధించవచ్చునన్న ఈ భావనే కాలక్రమంలో పరామితీయ క్యాడ్‌గా వికసించింది. 1980వ దశకం చివరలో వచ్చిన ప్రో ఇంజనీర్, 1995లో వెలువడిన సాలిడ్‌వర్క్స్ దీనిని పరిశ్రమలకు చేరువ చేశాయి. ఉచితంగా లభించే ఫ్రీక్యాడ్ వల్ల నేడు విద్యార్థులు కూడా దీనిని అభ్యసించవచ్చు.

కొలతను మారిస్తే ఆకృతి దానంతట అదే మారడం పరామితీయ విధానంలోని విశేషం. కాగితంపై గీసిన పటంలో పొడవు మార్చాలంటే చెరిపి మళ్లీ గీయాలి. ఇక్కడ ఒక సంఖ్యను మారిస్తే చాలు. అయితే ఏది మారవచ్చునో, ఏది మారకూడదో ముందుగానే తెలియజేయాలి. ఆ తెలియజేయడమే నిబంధన. ఆకృతికి, పరిమాణానికి, స్థానానికి వేర్వేరుగా నిబంధనలు అవసరం.

ఒక దీర్ఘచతురస్రాన్ని పరిశీలిద్దాం. తలంలో ఒక బిందువు అడ్డంగా, నిలువుగా అని రెండు విధాలుగా కదలగలదు. రేఖాఖండానికి రెండు కొనలు ఉన్నందున దాని కదలికలు 4. విడివిడిగా ఉన్న నాలుగు రేఖాఖండాలకు మొత్తం 16. నాలుగు మూలల్లో కొనలను కలిపితే 8 తొలగి 8 మిగులుతాయి. రెండు భుజాలు అడ్డంగా, రెండు నిలువుగా ఉండాలని విధిస్తే మరో 4 పోతాయి. పొడవు, వెడల్పు నిర్దేశిస్తే మిగిలేవి 2. ఇప్పుడు ఆకృతి, పరిమాణం రెండూ స్థిరపడ్డాయి. అయినా అది తలంలో ఎటైనా జారగలదు. దాని మూలనో, కేంద్రాన్నో మూలబిందువుకు ముడివేస్తేనే కదలికలు సున్నా అవుతాయి. స్కెచ్ పూర్తిగా నిబద్ధమైనదని ఫ్రీక్యాడ్ ఆకుపచ్చ రంగుతో సూచిస్తుంది. సాలిడ్‌వర్క్స్‌లో నీలిగీతలు నల్లబడతాయి.

మూలనా, కేంద్రాన్నా, దేనిని ముడివేయాలి? ఈ ప్రశ్నకు సమాధానం ఆ భాగం చేయవలసిన పనిలో ఉంది. 100 మిల్లీమీటర్ల పొడవు గల పలకకు నడుమ ఒక రంధ్రం కావాలనుకుందాం. రంధ్రాన్ని ఎడమ అంచు నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో ఉంచితే నేటికి సరిపోతుంది. రేపు పొడవును 120కి పెంచితే రంధ్రం 50 దగ్గరే నిలిచిపోతుంది; కాని కొత్త నడిమి స్థానం 60. తెరమీద ఈ తేడా కంటికి ఆనకపోవచ్చు. లోహాన్ని కోసి, భాగాలను అమర్చే వేళ ఇరుసు రంధ్రంలో కూర్చోదు. లోహం, శ్రమ రెండూ వృథా అవుతాయి. పలకను మూలబిందువుకు ఇరువైపులా సౌష్ఠవంగా నిలిపి, రంధ్రకేంద్రాన్ని మూలబిందువు వద్దనే ఉంచితే పొడవు ఎంత మారినా రంధ్రం నడుమనే ఉంటుంది. మొదటి స్కెచ్‌లో అంకె సరిపోవడం ఒకటి, ఉద్దేశం నిలవడం మరొకటి.

నిబంధనలు లోపించడం ఎంత దోషమో, మితిమీరడమూ అంతే దోషం. కింది భుజానికి 100 అని చెప్పిన తరువాత పై భుజానికి కూడా 100 అనడం పునరుక్తి. 110 అనడం వైరుధ్యం. అందువల్ల ముందు సమాంతరత, సౌష్ఠవం వంటి సంబంధాలను, తరువాత స్థానాన్ని, చివరకు కొలతలను నిర్ణయించడం మేలు. మూలల గుండ్రదనం వంటి చిన్న వివరాలను ఆధార స్కెచ్‌లో చేర్చక, తరువాతి దశలకు వదలడం ఉత్తమం.

తెలుగు విద్యార్థులకు నిబంధన కొత్త విషయం కాదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, రెండో అక్షరం ప్రాస. ఈ కట్టుబాటు కవి భావాన్ని బంధించదు. పద్యాన్ని చెదరనీయక నిలుపుతుంది. ఆధార స్కెచ్‌లోని నిబంధనలు కూడా అటువంటివే. పునాది గీతను నియమబద్ధంగా నిలిపినవారు మార్పునకు భయపడవలసిన పని లేదు.