తట్టి చూస్తే తెలిసే చమురు



పనసకాయ పండిందో లేదో కోయకుండానే తట్టి చెబుతారు మన పెద్దలు. నిండు కుండ మోత వేరు, ఖాళీ కుండ మోత వేరు. భూమిలో చాలా లోతున ఉన్న ముడిచమురును కొంత తోడేశాక, మిగిలింది ఎక్కడుందో తెలుసుకోవడం కూడా ఇలాంటిదే. నేను చదివి అర్థం చేసుకున్నంత వరకు చెబుతాను.

చమురు భూమిలో చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాయి, సున్నపురాయి వంటి రాళ్ల సన్నని రంధ్రాల్లో, తడి ఇసుకలో నీరున్నట్టు ఉంటుంది. నేలమీదైతే బరువైన లారీలతో అదిరించి, సముద్రంలో అయితే ఎయిర్ గన్నులు పేల్చి, ప్రకంపనలను కిందికి పంపుతారు. అవి రాతిపొరలకు తగిలి ప్రతిధ్వనిలా తిరిగొస్తాయి. వాటితో లోపలి పటం గీస్తారు. కొన్నేళ్లకు అదే చోట మళ్లీ గీసి, రెండు పటాలనూ పోలుస్తారు.

తేడా కనిపించింది సరే, అది దేనివల్ల వచ్చింది? ఇక్కడే రాతి భౌతికశాస్త్రం కావాలి. నొక్కితే నీరు అంతగా కుదించుకుపోదు. చమురు కాస్త ఎక్కువగా, వాయువు చాలా ఎక్కువగా కుదించుకుపోతుంది. కనుక రంధ్రాల్లో నీరుంటే తరంగం వేగంగా పోతుంది, వాయువు చేరితే నెమ్మదిస్తుంది. రేణువుల గట్టిదనం, ఎండురాయి గట్టిదనం, రంధ్రాల శాతం, లోపలి ద్రవం గుణం తెలిస్తే తడిరాయి గట్టిదనం ఎంతో చెప్పే సూత్రాన్ని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ గాస్‌మన్ 1951లో ఇచ్చారు. దానికి సాంద్రత కూడా కలిపితే వేగం వచ్చేస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రం ఉంది. అక్కడ సహజవాయువు నుంచి వేరుచేసిన బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదలకుండా, 1996 నుంచి సుమారు 1,000 మీటర్ల లోతున ఉప్పునీటితో నిండిన ఇసుకరాయిలోకి ఎక్కించారు. 1994 నాటి పటంతో 1999 నాటి పటాన్ని పోలిస్తే, దాని కింది పొరలు కుంగినట్టు కనిపించాయి. నిజానికి అవి కుంగలేదు! నీటి స్థానంలో ఆ వాయువు చేరడంతో తరంగవేగం సెకనుకు సుమారు 2,000 మీటర్ల నుంచి 1,500 మీటర్ల దరిదాపులకు పడిపోయింది. ప్రతిధ్వని ఆలస్యంగా వచ్చింది, అంతే.

అయితే ఒక చిక్కుంది. వాయువు నీటిలో సమంగా కలిసి ఉంటే, కొంచెం చేరినా ఎక్కువ చేరినా వేగం ఇంచుమించు ఒకేలా తగ్గుతుంది. అంటే 'ఉంది' అని చెప్పడం తేలిక, 'ఎంత ఉంది' అని చెప్పడం కష్టం. పైగా లోపలి ఒత్తిడి మారినా వేగం మారుతుంది. అందుకే తిర్యక్ తరంగాలను కూడా చూస్తారు. ద్రవం మాత్రమే మారితే వాటి వేగం పెద్దగా మారదు, ఒత్తిడి మారితే రెండు రకాల తరంగాల వేగమూ మారుతుంది.

పటాన్ని తప్పుగా చదివితే కోట్లు పోసి తవ్విన బావిలో నీళ్లే రావచ్చు. పాతిపెట్టిన వాయువు పైకి జారుతున్నా తెలియకపోవచ్చు. కాబట్టి వినడం ఒక్కటే చాలదు, విన్నదానికి అర్థం తెలియాలి.

ఆలోచించండి: చమురు తీసిన చోట నీరు చేరితే, కింది పొర నుంచి ప్రతిధ్వని ముందుగా వస్తుందా, ఆలస్యంగానా? జవాబును కారణంతో సహా కింది ఖాళీలో రాయండి.

— 10వ తరగతి విద్యార్థి