వినైల్ టర్న్‌టేబుల్‌తో డీజే నేర్చుకోవాలా? డబ్బు పెట్టేముందు ఈ ఎపిసోడ్ చూడండి

ఈ ఎపిసోడ్ మా మహమ్మద్‌నగర్ ఇంట్లోనే షూట్ చేస్తున్నా. వెనక కోడి కూత వినిపిస్తే అడ్జస్ట్ అవ్వండి.

పోయిన నెల ఎల్లారెడ్డిలో ఒక తమ్ముడు కలిసి, "అన్నా, నేను డీజే నేర్చుకుంటా, అసలైన టర్న్‌టేబుల్స్ కొంటా, ఈఎంఐ పెట్టుకుంటే నడుస్తదా?" అని అడిగిండు. జీతం ఇంకా మొదలు కాలేదు, ఈఎంఐ మాత్రం రెడీ! అందుకే ఈ వీడియో.

మన దగ్గర డీజే అంటే ఏంది? బరాత్ ముందు డీసీఎం వ్యాన్, దాని మీద పెట్టెలు, పెన్‌డ్రైవ్‌లో పాటలు. కానీ డీజే అంటే డిస్క్ జాకీ. డిస్క్ అంటే రికార్డు, దాన్ని నడిపించే మనిషి జాకీ. పెట్టెలకు, జనరేటర్‌కు ఆ పేరుతో సంబంధం లేదు.

చిన్న హిస్టరీ చెప్తా. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే కుర్రాడు చెల్లెలి పార్టీలో పాటలు పెట్టిండు. పాటలో మాటలు ఆగి డ్రమ్స్ ఒక్కటే వచ్చే చోట జనం ఎక్కువ ఊగుతున్నారని అతను గమనించిండు. అదే పాట రెండు రికార్డులు తీసుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మళ్లీ అదే ముక్క వేయడం మొదలుపెట్టిండు. మన బరాత్‌లో కూడా అంతే కదా, పల్లవి కంటే డప్పు ముక్క వచ్చినప్పుడే కాళ్లు ఆగవు. హిప్‌హాప్ పుట్టుక గురించి చెప్పేటప్పుడు అందరూ ఆ రాత్రినే గుర్తు చేస్తారు.

ఇప్పుడు నా తప్పు చెప్తా. జాబ్ చేస్తున్నప్పుడు ఒక చవక సూట్‌కేస్ ప్లేయర్ కొన్న. మా పెద్దబాపు దగ్గర పాత తెలుగు సినిమా ఎల్‌పీ ఒకటి ఉండె, ఇంట్లో మిగిలింది ఆ ఒక్కటే. వీడియోలు చూసి దాని మీదనే స్క్రాచింగ్ ప్రాక్టీస్ చేసిన. వారంలో పాట వెనక పెనం మీద నూనె చిటపటలాడినట్టు శబ్దం మొదలైంది. పెద్దబాపు విని ఒక్క మాట అనలేదు, రికార్డును కవర్‌లో పెట్టి బీరువా మీద పెట్టిండు. తిట్టినా బాగుండు అనిపించింది.

తప్పు ఎక్కడ జరిగింది? రికార్డు మీద ఉండే సన్నని గాడిలోనే పాట ఉంటది. సూది ఆ గాడి గోడలను తాకుతూ పోతది. చాలా చవక ప్లేయర్లలో సూది బరువు ఎక్కువ పడుతది, తగ్గించే వీలు కూడా ఉండదు. అలాంటి సూదితో ముందుకు వెనక్కు గుంజితే గాడి అరిగిపోతది. అరిగిన గాడి మళ్లీ రాదు, దీనికి అన్‌డూ బటన్ లేదు. కాబట్టి మొదటి రూల్: ఇంట్లోవాళ్ల రికార్డు మీద చెయ్యి వేయొద్దు.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి?

ఒకటి, డైరెక్ట్ డ్రైవ్. కొన్ని టర్న్‌టేబుల్స్‌లో మోటారు పక్కన ఉండి, రబ్బర్ బెల్ట్‌తో పళ్లాన్ని తిప్పుతది, మన పిండి గిర్నీ లెక్క. చేత్తో ఆపి వదిలితే మళ్లీ స్పీడ్ అందుకోవడానికి టైమ్ పడుతది. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారు పళ్లెం కిందనే ఉంటది, వదలగానే అందుకుంటది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 డీజేలకు అంత ఇష్టం కావడానికి ఇదొక పెద్ద కారణం.

రెండు, పిచ్ స్లైడర్. స్పీడ్‌ను కనీసం 8 శాతం అటూ ఇటూ మార్చగలగాలి.

మూడు, టోన్‌ఆర్మ్ వెనక తిప్పే బరువు. సూది ఎంత భారం వేయాలో దానితోనే సెట్ చేస్తాం. డీజే సూదులకు సాధారణంగా 3 నుంచి 4 గ్రాములు, మీ సూది కంపెనీ చెప్పిన అంకెనే పెట్టండి.

నాలుగు, స్లిప్‌మ్యాట్. రికార్డు కింద వేసే బట్ట ఇది. కింద పళ్లెం తిరుగుతూనే ఉంటది, పైన రికార్డును మనం ఆపొచ్చు.

కనెక్షన్‌లో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. టర్న్‌టేబుల్ సిగ్నల్ చాలా చిన్నది, మిక్సర్‌లో ఫోనో ఇన్‌పుట్‌కే పెట్టాలి. స్పీకర్‌లో "గుయ్" అని ఆగకుండా మోగితే ముందు గ్రౌండ్ వైర్ బిగించారా చూడండి.

ప్రాక్టీస్ ఎట్లా? మొదటి వారం లెక్కపెట్టడమే. ఒకటి రెండు మూడు నాలుగు, మళ్లీ ఒకటి. తర్వాత బీట్ మ్యాచింగ్. నడుస్తున్న పాట నిమిషానికి 104 బీట్లు, కొత్త పాట 100 అనుకోండి. కొత్తదాన్ని 4 శాతం పెంచాలి. హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టి, రెండో చెవితో స్పీకర్ వింటూ, 'ఒకటి' మీద రికార్డు వదలాలి. వెనకబడితే లేబుల్ దగ్గర వేలితో కొంచెం తోయండి, ముందుకు పోతే పళ్లెం అంచును మెల్లగా తాకండి. స్పీడ్ సుమారు 6 శాతం పెరిగితే పాట శ్రుతి అర మెట్టు పైకి పోతది, గాయకుడి గొంతు మారినట్టు అనిపిస్తది. అందుకే స్పీడ్ దగ్గరగా ఉన్న పాటలే కలపండి. తీన్మార్ ఊపు వేరే ఉంటది, దాన్ని మామూలు నాలుగు లెక్క పాట మీద నేరుగా వేస్తే కాళ్లు తడబడతాయి.

"అన్నా, కొత్త తెలుగు పాటలు రికార్డుల మీద ఎక్కడ దొరుకుతయి?" మంచి డౌట్. దీనికి టైమ్‌కోడ్ రికార్డులు ఉన్నాయి. వాటిలో పాట ఉండదు, ఒక ప్రత్యేక సిగ్నల్ ఉంటది. రికార్డు ఎంత స్పీడ్‌గా, ఎటువైపు తిరుగుతుందో ల్యాప్‌టాప్ ఆ సిగ్నల్ నుంచి లెక్కగట్టి, మన ఫైల్‌ను అట్లనే నడుపుతది. చెయ్యి రికార్డు మీద, పాట హార్డ్ డిస్క్‌లో. ఇంజినీర్‌గా నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

చెవుల గురించి చెప్పకుండా ముగించను. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు హద్దు అంటారు, ప్రతి 3 డెసిబెల్స్‌కు టైమ్ సగం అవుతది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. ఒక బరాత్ తర్వాత నా చెవిలో రెండు రోజులు ఈల మోగింది. ఇయర్‌ప్లగ్స్ కొనండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లకు 2000 నాటి శబ్ద కాలుష్య రూల్స్ అడ్డున్నాయి. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సిస్టమ్స్‌ను నిషేధించారు. పెట్టెల మీద ఆధారపడ్డ పనికి ఎప్పుడూ ఆ రిస్క్ ఉంటది. చేతిలో పని ఉన్నోడు చిన్న రూమ్‌లో, తక్కువ సౌండ్‌తో కూడా వాయించగలడు.

ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇదే: ముందు ల్యాప్‌టాప్‌లో మిక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టుకో, పేరులో చివర మూడు ఎక్స్‌లు ఉంటయి. మూడు నెలలు రోజూ అరగంట చెయ్. సింక్ బటన్ ముట్టకు. అప్పటికీ ఇష్టం పోకపోతే ఒక్క టర్న్‌టేబుల్ కొను, సెకండ్ హ్యాండ్ అయినా సరే, డైరెక్ట్ డ్రైవ్ అయితే చాలు. రెండోది నీ సంపాదనతో కొను.

పెద్దబాపు రికార్డు ఇంకా బీరువా మీదనే ఉంది. అదే ఎల్‌పీ కోసం పాత రికార్డుల షాపుల్లో వెతుకుతున్నా, ఇంకా దొరకలేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా పాత రికార్డులు ఉంటే, తుడిచి నిలబెట్టి పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, వంగిపోతయి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.