రోడ్డు పెంచిన ఊరు మదనపల్లె

మదనపల్లెను 1618లో అహోబిల నాయుడు కట్టించాడని స్థానిక చరిత్ర. బ్రిటిషువాళ్ల కాలంలో ఇది కడప జిల్లాలో సబ్‌కలెక్టరు ఉండే ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది, 2022లో అన్నమయ్య జిల్లాకు మారింది. జిల్లాలు ఎన్ని మారినా బతుకుతెరువుకూ బేరసారాలకూ ఊరి చూపు మాత్రం బెంగళూరు వైపే.

రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తులో ఉండటంతో ఇక్కడి గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. ఊరికి పేరు తెచ్చినవాటిలో చాలావాటిని రప్పించింది ఆ గాలే. కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ 1870లో ఏనుగు మల్లమ్మ కొండమీద వేసవి బంగళా కట్టుకున్నాడు. నాలుగు వేల అడుగులు దాటిన ఆ కొండకు ఆయన పేరే స్థిరపడింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమట్ మొల్లర్ సారథ్యంలో 1915లో ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి మొదలైంది. క్షయకు మందే లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, తిండే వైద్యం. 1948లో దేశంలో బీసీజీ టీకా తొలి ప్రయత్నాలు జరిగిన చోట్లలో మదనపల్లె ఒకటి.

అదే 1915లో అనీబీసెంట్ ఇక్కడ కాలేజీ పెట్టించారు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఈ ఊళ్లోనే, 1895లో. ఆయన ఆలోచనల మీద నడిచే రిషివ్యాలీ బడి కూడా దగ్గర్లోనే ఉంది. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ కాలేజీలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆతిథ్యంలో ఉండగా ఒక సాయంత్రం విద్యార్థుల ముందు ‘జనగణమన’ పాడారు. సంగీతం తెలిసిన ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి రాశారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ తన చేత్తోనే ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. మన జాతీయగీతం చరిత్రలో కలకత్తా తర్వాత చెప్పుకోవలసిన ఊరు మదనపల్లె. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి ఇంకా పెద్ద చోటు దక్కాలి.

రైలు విషయంలో మాత్రం ఊరికి అన్యాయమే జరిగింది. 1890ల ఆరంభంలో పాకాల నుంచి ధర్మవరానికి మీటర్‌గేజి లైను వేసినప్పుడు పట్టాలు ఊరికి పది కిలోమీటర్లకు పైగా దూరాన, చిన్నతిప్పసముద్రం మీదుగా వెళ్లాయి. అక్కడి స్టేషనుకు ‘మదనపల్లె రోడ్’ అని పేరు పెట్టారు. జనం నోట అది సీటీఎం. లైను తర్వాత బ్రాడ్‌గేజి అయింది కానీ, రైలు దిగినవాళ్లు ఊళ్లోకి రావాలంటే ఇప్పటికీ బస్సో ఆటోనో పట్టుకోవాల్సిందే.

అందుకే ఈ ఊరిని పెంచింది రోడ్డు. ఆ రోడ్డు బలం చూడాలంటే నీరుగట్టువారిపల్లె టమోటా మార్కెట్‌కు వెళ్లాలి. పట్టుచీరల మగ్గాలు ఆడే పేట కూడా అదే. తోటల నుంచి కాయ బాక్సుల్లో వస్తుంది. మండీల్లో రకాలవారీగా ఏరి వేలం పాడతారు. దూరం వెళ్లాల్సిన సరుకుకు దోరకాయే కావాలి, మాగిన పండు లారీలో చితికిపోతుంది. కొన్న సరుకు రాష్ట్రాలు దాటి వెళ్తుంది. 2023 జులై చివర్లో ఇక్కడ కిలో ధర రెండు వందల దరిదాపులకు వెళ్లింది. అదే రైతు, ధర పడిపోయిన సీజన్లలో కోతకూలి కూడా గిట్టక కాయను రోడ్డు పక్కన పారబోశాడు. ఇన్ని టమోటాలు పండే చోట ఆ కాయను నిలవచేసే, గుజ్జు తీసే ఏర్పాట్లు చాలినన్ని లేకపోవడం పెద్ద లోటు.

కదిరి వైపు నుంచి వచ్చే 42వ జాతీయ రహదారి మదనపల్లె దాటి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి వెళ్తుంది. పుంగనూరు ఒకనాటి జమీందారీ. ఊరి పేరును దేశమంతా మోసింది మాత్రం మూడడుగుల ఎత్తుండే పుంగనూరు ఆవు. తక్కువ మేతతో బతికి వెన్న ఎక్కువుండే పాలిచ్చే ఈ జాతి అంతరించే దశకు చేరితే, పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుకొచ్చింది. పలమనేరు దాటాక దారి కౌండిన్య అభయారణ్యం అంచులకు చేరుతుంది. అక్కడ ఏనుగులు రోడ్డుమీదికి రావడం, పంటల్లో పడటం మామూలే.

కుప్పం కథ వేరు. మద్రాసు రైల్వే 1864లో జోలార్‌పేట, బెంగళూరు మధ్య వేసిన లైను ఈ ఊరి మీదుగానే పోయింది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు రెండూ పక్కనే కావడంతో సంతలో మూడు భాషలు వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ ఏర్పడటం సముచితం. పొద్దున రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు ఇక్కడ ఎందరో.

ఆ సౌకర్యం మదనపల్లెకూ రావాలని 2008–09లో కడప–బెంగళూరు కొత్త లైను మంజూరైంది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పట్టాలు పడ్డాయి. మదనపల్లె వైపు పని సాగలేదు. పుంగనూరుకు నేటికీ రైలు స్టేషనే లేదు.