గుండీ తిప్పే ముందు చూసుకోవాల్సిన అంకెలు

దేశంలో ఊబకాయం ఎక్కడ ఎక్కువ అని అడిగితే చాలామంది ఢిల్లీ పేరో పంజాబ్ పేరో చెబుతారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే మాత్రం మన పుదుచ్చేరినే మొదట నిలబెట్టింది. 2008 నుంచి 2020 దాకా 1,13,043 మందిని పరీక్షించి 2023 జూన్‌లో బయటపెట్టిన లెక్కల ప్రకారం ఇక్కడి పెద్దవాళ్లలో 53.3 శాతం మందికి ఊబకాయం ఉంది. దేశ సగటు 28.6 శాతమే. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడంలోనూ 61.2 శాతంతో మనదే మొదటి స్థానం.

అందుకే మన ఊరి సారం ప్రాంతంలో కామరాజ్ సాలై మీది మెడికల్ షాపుల దగ్గర, వారానికోసారి గుచ్చుకునే ‘బరువు తగ్గే పెన్ను’ గురించి అడిగేవాళ్లు కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఉద్యోగాల మీద యానాం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ ఇదే మాట వినిపిస్తోంది. ఇలాంటి మందుల్లో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో సీసాల్లో, ఆగస్టులో పెన్ను రూపంలో మన దేశానికి వచ్చింది. సెమాగ్లుటైడ్ మందు వెగోవీ పేరుతో 2025 జూన్‌లో వచ్చింది. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు 2026 మార్చిలో తీరిపోవడంతో దేశీయ కంపెనీలకూ దారి తెరుచుకుంది. ధర దిగితే వాడేవాళ్లు పెరుగుతారు, ఇంట్లో జరిగే పొరపాట్లూ పెరుగుతాయి. ఆ పొరపాట్లు సూది గుచ్చడంలోనే కాదు, అంకెలు చదవడంలోనూ జరుగుతాయి.

మొదటి అంకె మీ బరువుదే. సర్వేలో బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు కొలత) 25, ఆపైన ఉంటే ఊబకాయం కింద లెక్కగట్టారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి అది 64 కిలోలు. బరువు తగ్గడానికి ఈ మందులకు అనుమతి మాత్రం బీఎంఐ 30 ఉన్నవాళ్లకు, లేదా 27 ఉండి మధుమేహం, రక్తపోటు లాంటి తోడు జబ్బు ఉన్నవాళ్లకు. అదే ఎత్తుకు 30 అంటే దాదాపు 77 కిలోలు, 27 అంటే 69 కిలోలు. అంటే సర్వే లెక్కలో ఊబకాయులైన అందరికీ ఈ పెన్ను అవసరమని కాదు. పెళ్లికి రెండు నెలల ముందు నాలుగు కిలోలు తగ్గించుకోవడానికి వచ్చిన మందు కాదిది.

ఫలితం నిజమైనదే, అందులో సందేహం లేదు. 1,961 మంది మీద 68 వారాలు సాగిన ‘స్టెప్ 1’ పరీక్షలో సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, మందు లేని ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లు 2.4 శాతమే తగ్గారు. టిర్జెపటైడ్ గరిష్ఠ డోసుతో 72 వారాల్లో వచ్చిన తగ్గుదల 20.9 శాతం. ప్రచారంలో ఈ అంకెలే పెద్దక్షరాల్లో ఉంటాయి. ఇంట్లో మనకు పనికొచ్చే అంకెలు పెట్టెలోని కాగితం మీద చిన్నక్షరాల్లో ఉంటాయి.

వాటిలో ముఖ్యమైనది డోసుల మెట్లు. వెగోవీ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. నాలుగు వారాల తర్వాత 0.5, తర్వాత 1, ఆపైన 1.7, చివరికి 2.4. ఒక్కో మెట్టు మీద నాలుగేసి వారాలు ఆగితే పై మెట్టుకు చేరేది 17వ వారంలో. టిర్జెపటైడ్ 2.5తో మొదలై, కనీసం నాలుగు వారాలకోసారి 2.5 చొప్పున పెరుగుతూ అవసరాన్ని బట్టి 15 దాకా వెళ్తుంది. మొదటి మెట్టు బరువు తగ్గించడానికి పెట్టింది కాదు, కడుపును అలవాటు చేయడానికి పెట్టింది. నెల తిరిగినా కిలో తగ్గలేదని సొంతంగా పెద్ద డోసు పెన్ను కొనేవాళ్లు ఈ సంగతి తెలియకే కొంటారు.

అలా దూకితే ఏమవుతుంది? సెమాగ్లుటైడ్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, పూర్తిగా వెళ్లడానికి ఐదు నుంచి ఏడు వారాలు. టిర్జెపటైడ్ సగానికి తగ్గడానికి ఐదు రోజులు. ఎక్కువైన డోసుకు విరుగుడు మందు లేదు. వాంతులు మొదలైతే రోజుల తరబడి సాగుతాయి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటూ మందు దిగేదాకా ఆగాల్సిందే.

మిల్లీగ్రాము, మిల్లీలీటరు, గీత, క్లిక్

అసలు చిక్కంతా ఇక్కడుంది. డాక్టరు రాసేది మిల్లీగ్రాముల్లో. సీసాలోని ద్రవం ఉండేది మిల్లీలీటర్లలో. సిరంజి మీద ఉండేవి యూనిట్ల గీతలు. పెన్నులో వినిపించేది క్లిక్. నాలుగూ వేర్వేరు కొలతలు.

సీసా, సిరంజి వాడేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జులైలో ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫార్మసీల్లో కలిపి తయారుచేసి సీసాల్లో అమ్మే సెమాగ్లుటైడ్ వాడినవాళ్లలో కొందరు రాసిన డోసుకు 5 నుంచి 20 రెట్లు ఎక్కించుకున్నారు. ఒక సందర్భంలో వైద్యుడే 5 యూనిట్లు అనుకుని 25 అని రాశారు. మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. ఇన్సులిన్ సిరంజిలు మన షాపుల్లో రెండు రకాలు, యూ-40, యూ-100. ‘20’ అన్న గీత దాకా నింపితే యూ-40లో అర మిల్లీలీటరు వస్తుంది, యూ-100లో 0.2 మిల్లీలీటరు. గీత ఒకటే, మందులో తేడా రెండున్నర రెట్లు. నాన్నగారి ఇన్సులిన్ సిరంజి ఇంట్లో ఉంది కదా అని దానితో ఈ మందు లాగవద్దు. ఎన్ని మిల్లీలీటర్లు, ఏ సిరంజి, ఏ గీత దాకా అన్న మూడూ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.

పెన్నులో ఈ బాధ తక్కువ. మౌంజారో పెన్నులో నాలుగు వారాల డోసులుంటాయి, ఒక్కోటి 0.6 మిల్లీలీటరు. గుండీని ఆగేదాకా తిప్పితే కిటికీలో ‘1’ కనిపిస్తుంది, అదే ఒక పూర్తి డోసు. అది ఒక మిల్లీగ్రామూ కాదు, ఒక యూనిట్టూ కాదు. నాలుగు డోసులయ్యాక కూడా లోపల కాస్త మందు కనిపిస్తుంది. సూదిలోని గాలి తీయడానికి ముందుగానే అదనంగా పోసినది అది. దాన్ని సిరంజితో లాగి ఐదో డోసు చేసుకునేవాళ్లూ, పెద్ద డోసు పెన్ను కొని క్లిక్కులు లెక్కపెట్టి వారాలు సాగదీసేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. 2025లో వచ్చినప్పుడు ఈ పెన్ను నెల ఖర్చు చిన్న డోసుకు 14,000 రూపాయలు, అన్నిటికన్నా పెద్ద డోసుకు 27,500. జీతం మీద బతికే ఇంటికి అది పెద్ద మొత్తం. కానీ సగం క్లిక్కుల దగ్గర ఎంత మందు వస్తుందో కంపెనీ హామీ ఇవ్వదు. పైగా నాలుగు వారాలకు చేసిన పెన్ను ఎనిమిది వారాలు తెరిచి ఉంటే క్రిములు చేరే వీలుంటుంది. ఖర్చు భరించలేకపోతే ఆ మాట డాక్టరుకే చెప్పండి. తక్కువ మెట్టు మీదే ఆగడమో, చవకైన దేశీయ పెన్నుకు మారడమో ఆయన చూసి చెబుతారు.

వేసుకునే తీరు చెప్పుకోవడానికి సులువే. చేతులు కడుక్కుని పెన్ను మీద పేరు, డోసు, గడువు తేదీ చదవండి. మందు తేటగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, నలకలున్నా వాడొద్దు. ప్రతిసారీ కొత్త సూది. మౌంజారో పెన్నులో ప్రతి డోసుకు ముందు గాలి తీయాలి, వెగోవీ పెన్నులో కొత్త పెన్ను మొదటిసారి వాడేటప్పుడు మందు చుక్క వస్తుందో లేదో చూస్తే చాలు. ఒక పెన్ను పద్ధతి ఇంకోదానికి పెట్టవద్దు. బొడ్డుకు కనీసం రెండంగుళాలు దూరంగా పొట్ట మీద గానీ, తొడ ముందు భాగంలో గానీ గుచ్చి, గుండీ పూర్తిగా నొక్కి, కిటికీలో సున్నా కనిపించాక కూడా నెమ్మదిగా ఐదారు అంకెలు లెక్కపెట్టాకే సూది తీయాలి. తొందరపడితే మందు చర్మం మీదే కారిపోతుంది. వారం వారం చోటు మార్చండి.

ఒక వారం మరిచిపోతే సెమాగ్లుటైడ్‌కు ఐదు రోజుల్లోపు, టిర్జెపటైడ్‌కు నాలుగు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. అది దాటితే ఆ డోసు వదిలేసి మామూలు రోజుకే వేసుకోవాలి. రెండు డోసులు కలిపి వేయడం ఎప్పుడూ కూడదు. వరసగా రెండు మూడు వారాలు తప్పిపోతే పాత డోసుతో మొదలుపెట్టకుండా డాక్టరును అడగండి. కడుపు ఆ అలవాటు మరిచిపోయి ఉంటుంది.

30 డిగ్రీలు సారంలో ఎక్కడ?

తెరవని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. వాడుతున్న మౌంజారో పెన్ను 30 డిగ్రీల లోపు 30 రోజులు, వెగోవీ పెన్ను 6 వారాలు బయట ఉండొచ్చు. చలి దేశాల్లో ఇది సౌకర్యం. కానీ మే, జూన్ నెలల్లో పుదుచ్చేరిలో పగలు 36, 37 డిగ్రీలు మామూలు. డాబా ఇంట్లో పై అంతస్తు గది రాత్రి కూడా 30కి దిగదు. ఏసీ లేని ఇంట్లో ‘బయట ఉంచొచ్చు’ అన్న మాటను లేనట్టే అనుకుని, వాడుతున్న పెన్నునూ ఫ్రిజ్‌లోనే పెట్టండి. సూది మాత్రం తీసేసి పెట్టాలి. ఒకే తలుపున్న ఫ్రిజ్‌లో ఐసు పెట్టెకు దగ్గరగా వద్దు. ఒక్కసారి గడ్డకట్టిన మందు కరిగాక చూపుకు బాగానే ఉన్నా పారేయాల్సిందే.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు పుదుచ్చేరిలో 24 గంటల్లో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, కరెంటు పోయింది. అలాంటప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే చాలాసేపు చల్లగానే ఉంటుంది. వానరోజుల్లో ఒకటి రెండు రోజుల కరెంటు కోతకు పెన్ను పాడవదు, భయపడి ఐసుముక్కల మధ్య కూరితే పాడవుతుంది. రాత్రి రైల్లో యానాం వైపు వెళ్లేటప్పుడూ అంతే, చల్లటి ప్యాక్‌ను గుడ్డలో చుట్టి, పెన్నుకు తగలకుండా పెట్టుకోండి.

కడుపు చెప్పే మాట

‘స్టెప్ 1’లో సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్లలో 44 శాతం మందికి వికారం, 31 శాతం మందికి విరేచనాలు, దాదాపు 25 శాతం మందికి వాంతులు కలిగాయి. చాలామందిలో డోసు పెరిగిన రోజుల్లో వచ్చి తగ్గాయి. పొట్ట నిండకముందే లేవడం, నూనెలో వేయించినవి తగ్గించడం బాగా పనిచేస్తాయి. తగ్గిన బరువులో నాలుగో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా కండ లాంటి కొవ్వేతర భాగం ఉంటుంది. కాబట్టి ఆకలి లేకపోయినా గుడ్డు, చేప, పప్పు, పెరుగు మానవద్దు. బరువులెత్తే వ్యాయామం కొంచెమైనా చేయండి.

భరించలేని కడుపునొప్పి వీపులోకి పాకి, తగ్గకుండా ఉంటే అది క్లోమం వాపు కావచ్చు. కుడివైపు డొక్కలో నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం పిత్తాశయ రాళ్ల గుర్తులు. నీళ్లు కూడా నిలవని వాంతులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చూపు ఒక్కసారిగా మసకబారడం చాలా అరుదు, ఐరోపా ఔషధ సంస్థ లెక్కలో సెమాగ్లుటైడ్ వాడే పదివేల మందిలో ఒకరికి వరకు, అయినా అదీ అత్యవసరమే. వీటిలో ఏది వచ్చినా తర్వాతి డోసు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సారానికి గోరిమేడులోని జిప్మెర్ దూరం కాదు, 108 ఉంది. మధుమేహానికి ఇప్పటికే గ్లిమెపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడేవాళ్లకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, వాటి డోసు డాక్టరు ముందే తగ్గించాలి. కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ఈ మందులు ముట్టకూడదు. బిడ్డ కావాలనుకునేవాళ్లు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టాక నాలుగు వారాలూ, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలూ గర్భనిరోధక మాత్రల మీద మాత్రమే ఆధారపడకూడదు. ఆపరేషన్ ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకు ముందుగా చెప్పాలి, ఈ మందు వల్ల ఆహారం కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది.

అక్కాచెల్లెళ్లు, భార్యాభర్తలు ఒకే పెన్ను పంచుకోవడం మాత్రం ఎంత ప్రేమున్నా వద్దు. సూది మార్చినా కంటికి కనిపించని రక్తం పెన్ను లోపలికి వెనక్కి రావచ్చు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అలా సోకే వీలుంది. వాడిన సూదులు ప్రమాదకరమైన చెత్త. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన ‘సూదులు’ అని తమిళంలోనూ రాసి, తడి పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడ తీసుకుంటారేమో అడగండి. పొద్దున్నే మన వీధిలో సంచులు చేత్తో విప్పి వేరుచేసే మనిషికి గ్లౌజులు ఉంటాయన్న నమ్మకం లేదు.